బెజ్జము వేయని రాయి

తొలకరి వాన యొక్కటి గట్టిగా పడెనా, మఱునాటి యుదయమునకే కర్నూలు జిల్లా పడమటి భాగమున తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి గ్రామముల చేలలో జనము కనబడుదురు. వారు దున్నుటకు వచ్చినవారు కారు. విత్తుటకు వచ్చినవారును కారు. తలపై కొంగు కప్పుకొని, నడుము వంచి, చూపు నేలపై నిలిపి, అడుగులో అడుగు వేయుచు వెదకుచుందురు. వెదకునది వజ్రము. ఇరుగుపొరుగు జిల్లాల నుండియు, కన్నడసీమ నుండియు సద్దిమూటలతో వచ్చి, చెట్ల నీడను, గుడి యరుగులమీదను నాలుగైదు దినములు గడపి పోవు కుటుంబములు కలవు. బిడ్డను చంకనిడుకొని వెదకు తల్లులను నేను కన్నులార చూచితిని.

వానకును వజ్రమునకును సంబంధమేమని యడుగవచ్చును. మన కర్నూలు, కడప సీమల రాతిపొరలలో బనగానపల్లె పేరు పెట్టబడిన పొర యొకటి కలదు. ప్రాచీనకాలపు గులకరాళ్లు గట్టిపడి యేర్పడిన యా పొరలో నక్కడక్కడ వజ్రములు చేరియున్నవి. అనంతపురము జిల్లా వజ్రకరూరు వద్ద, భూగర్భమునుండి వజ్రములను పైకి మోసికొనివచ్చిన కింబర్లైటు గొట్టములు బయటపడినవి. కడప చేరువను పెన్న యొడ్డున చెన్నూరు వద్దను పూర్వము వజ్రపు గనులుండెను. యుగయుగముల వానలకును వాగులకును రాళ్లరిగి, చెదరి, పొలముల పైమట్టిలో గులకరాళ్లతో గలసిపోయినవి. గట్టి వాన పడినప్పుడు పైమట్టి కొట్టుకొనిపోయి, రాయి కడుగబడి యెండకు మెఱయును. ఇంతకుమించి యందు మాయ యేమియు లేదు.

దొరకిన వారి సంగతి పత్రికల కెక్కును. దొరకనివారి సంగతి యెవ్వరికి గావలయును? సాయంకాలమున చెంగుముడి విప్పి యేరిన రాళ్లను వర్తకునికి చూపుదురు. అతడు కన్నులకెత్తుకొనకయే, "పలుగురాయమ్మా" యని యొక్కమాట యనును. ఆ స్త్రీ చేయి దులుపుకొనును. తెల్లనివి, తేనెరంగువి, ఎఱ్ఱచారలవి, పావురపుగ్రుడ్డు వలె నున్ననివి, దినమంతయు నెండలో నేరినవన్నియు మరల నేలపాలగును. ఒకనాటి కూలి పోయినది గదా, రాయి మాత్రమెందులకని యామె తలంపు. ఆ పాఱవేయబడిన రాతిని గుఱించియే యీ వ్యాసము.

మా యత్తగారును ఒకనాడట్లు రాళ్లేరినదే. ఆమె పుట్టినిల్లు పత్తికొండ వైపు. పెండ్లికి ముందొక తొలకరిని జొన్నచేనిలో నామె కొక రాయి దొరకెను. లాంతరు చిమ్నీపై గీచి చూడగా గీత పడెను. గాజును గీచినది గావున వజ్రమేయని నిశ్చయించుకొని బియ్యపుకుండలో దాచెను. ఈ భ్రమ మన సీమలో నేటికిని కలదు గావున కొంచెము విడమరచి చెప్పెదను. 1812లో మోహ్సు అను జర్మను శాస్త్రజ్ఞుడు రాళ్ల కాఠిన్యమునకు ఒకటినుండి పదివఱకు మెట్లు కట్టెను. ఆ లెక్కలో సున్నపురాతి స్ఫటికమునకు 3, కిటికీగాజునకు ఇంచుమించుగా 5.5, పలుగురాతికి 7, కురువిందమునకు 9, వజ్రమునకు 10. పలుగురాయియు గాజును గీయగలదన్నమాట. కాబట్టి గాజు గీసిన రాయియెల్ల వజ్రము కాదు. ఇంతకంటె ఘోరమైన పరీక్ష సుత్తితో కొట్టి చూచుట. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు చితుకును; నిజముగా వజ్రమే దొరకినను ఆ పరీక్షతో నది పొడియగును.

మా యత్తగారి రాయి పలుగురాయి యని తేలినది. అయినను ఆమె దానిని పాఱవేయలేదు. బియ్యపుకుండ నుండి పోపులపెట్టెలోనికి మార్చినది. నలువదియేండ్లు మెంతుల గిన్నె ప్రక్కనే యుండెను. లోపల పొగ చుట్టుకొన్నట్లు తెల్లనిచార, చింతగింజకు రెండింతల పరిమాణము. ఆమె గతించిన పిమ్మట పెట్టె తెఱచినప్పుడు మా వదినగారును నేనును ఒక్కసారియే దానిపై చేయి వేసితిమి. నగలు పంచుకొనుటలో రాని పట్టుదల యా రాతివద్ద వచ్చినది! తుదకు వదినగారే, "నీ దగ్గర ఉంచు, డాలరు చేయించు, పండగలకు నాకు ఇత్తువులే" యనిరి.

నేనొక పట్టణమున రాళ్లు తొలుచువాని కిచ్చితిని. మూడవనాడు పోగా కాగితపు పొట్లములో రాయి రెండుముక్కలై యుండెను. అతడు మంచివాడే, కూలి పుచ్చుకొనలేదు. కాని వదినగారితో చెప్పినదెట్లు? చెప్పితిని. ఆమె యొక్కమాటయు ననలేదు. రెండేండ్లు మా గడప త్రొక్కలేదు.

రాయి పగులుటకు కారణము తొలుచువాని చేతకానితన మొక్కటియే గాదని తరువాత తెలిసికొంటిని. పలుగురాయి యుక్కుకంటె గట్టిది గావున మామూలు బరమా దానిని తొలువజాలదు. వజ్రపుపొడి గాని, వజ్రపుకొస గాని కావలయును. తొలుచునప్పుడు పుట్టు వేడిని నీటితో చల్లార్చుచుండవలయును. బెజ్జము ఆవలి ప్రక్కకు బయటపడు క్షణమున పెచ్చు లేచుట సహజము గావున సగము ఇటునుండియు, సగము అటునుండియు తొలుతురు. ఇంత చేసినను లోపల కంటికి కనబడని పగులున్నచో ఫలము లేదు. సింధులోయవారు సుమారు 4,500 సంవత్సరముల క్రిందట చేసిన పొడవైన యెఱ్ఱ యకీకు పూసలను పరిశీలించి, ఒక్కొక్క పూసను తొలుచుటకే దినములకొలది కాలము పట్టియుండునని పరిశోధకులు ప్రయోగములు చేసి చెప్పిరి. గుజరాతులోని ఖంభాతు పూసలవారు వజ్రపుముక్కలు పొదిగిన బరమాతో తొలుచు విద్యను తరతరములుగా నిలుపుకొన్నారు. మన సీమలోను పూసలధారణ మిక్కిలి ప్రాచీనము. బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురమున నొక కొండచఱియ క్రింద 35,000 సంవత్సరముల నాటినుండి మనుష్యులు నివసించిన జాడలున్నవని 2009లో ప్రకటించిరి. ఆ త్రవ్వకములలో పూసలును దొరకినవి. ఆ బనగానపల్లె 2022 వఱకు కర్నూలు జిల్లాలోనిదే, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది.

అయితే, తొలుచుటకు వీలులేని రాతిని, తొలుచుటకు మనసొప్పని రాతిని మెడలో వేసికొనుట యెట్లు? శ్రీశైలమునకు పోవు త్రోవలో వీరశైవులను చూడనివారు మనలో నుండరు. వారు ధరించు ఇష్టలింగమునకు బెజ్జము వేయుట యన్నమాటయే లేదు. వస్త్రమున చుట్టియో, వెండి లింగకాయలో నుంచియో శివదారముతో ధరింతురు. పూజావస్తువుతో మన యలంకారమును పోల్చుట నా యుద్దేశము గాదు. రాతిని తొలువకయే మెడలో మోయు వాడుక మన సీమకు క్రొత్తది గాదని చెప్పుటకే యీ ప్రస్తావన. జపాను దేశమున తేనీటి మందిరముల తోటలలో, నున్నని గుండ్రాతికి నల్లని నారత్రాడు నడ్డముగను నిలువుగను కట్టి బాట నడుమ నుంచెదరట. ఆ రాయి కనబడినచో నాదారిని పోరాదని గుర్తు. తలుపు లేదు, తాళము లేదు, కట్టిన రాయి మాత్రమే!

నాకు దారి చూపినది ఇవేవియు గావు, మా పాతయింటి వంటింట వ్రేలాడుచున్న ఉట్టి. పిల్లిబాధ తప్పించుటకు పెరుగుకుండను పెట్టు ఉట్టిని ఒకనాడు దులుపుచు పైకి చూచితిని. కుండకు బెజ్జమున్నదా? కొక్కెమున్నదా? నాలుగు పేటల త్రాడు క్రిందినుండి పట్టుకొని, ముడిముడికిని విడిపోయి మరల కలసికొని, ఎంత బరువునైనను కదలనీయక నిలిపినది. ఎద్దుమూతికి కట్టు చిక్కమును అంతియే. జొన్నచేని మంచెపైనుండి పిట్టలను తోలు వడిసెల నడిమి యల్లిక కూడ రాతిని బెజ్జము లేకుండ పట్టు నేర్పే. కాకున్న వడిసెల పట్టుకొనునది విడిచిపెట్టుటకు, మనది విడువకుండుటకు. పట్టణములలో నేడు మాక్రమే యని పేరుపెట్టి రుసుము పుచ్చుకొని నేర్పు విద్యయు వేఱుకాదు. మన యిండ్లలో నులకమంచము అల్లినవారికి, ఉట్టి కట్టినవారికి, చిక్కము ముడిచినవారికి అది తెలిసిన విద్యయే. పేరొక్కటి క్రొత్త.

ఇక పని చెప్పెదను. ముందుగా రాయి. పెన్న, కుందేఱు, తుంగభద్ర, హంద్రి, పాపాఘ్ని యొడ్డులలో కావలసినన్ని గులకరాళ్లు దొరకును. నీటిలో నిగనిగలాడిన రాయి యింటికి వచ్చునప్పటికి వెలవెలబోయినదని పిల్లలు వగచుచుందురు. తడి యారినప్పుడు పైనున్న సన్నని గఱకుదనము వెలుగును చెదరగొట్టును, అందుచేత నట్లగును. కొంచెము కొబ్బరినూనెతో గాని తేనెమైనముతో గాని రుద్దినచో చాలవఱకు మరల వచ్చును. ఆరంభమునకు గ్రుడ్డు వలె కోలగానున్న రాయి మేలు, రెండువేళ్ల వెడల్పు మించరాదు. పలుగురాయి, అకీకు, చెకుముకిరాయి జాతులు గట్టివి గావున అరుగవు. మన నాపరాయి, నర్జి సున్నపురాయి, మంగంపేట ముగ్గురాయి మెత్తనివి. చెమటకు, రాపిడికి వానిపై గీతలు పడును, సున్నపురాయికి పులుపు తగిలిన మచ్చ పడును. మంగంపేట ముగ్గురాయి యదియుగాక మిక్కిలి బరువు, మెడ లాగివేయును.

రెండు జాగ్రత్తలు మఱువరాదు. పులివెందుల ప్రాంతమున రాతినార గనులుండెడివి. పచ్చని రాతిలో పట్టుపోగుల వంటి తళుకుచారలున్నచో, ఎంత అందముగానున్నను దానిని ముట్టక విడిచిపెట్టుడు. ఆ నార ధూళియై ఊపిరితిత్తులలో చేరినచో ప్రాణాంతకమగు వ్యాధులు కలుగును. రెండవది: ఏ రాతినైనను అరగదీయవలసివచ్చిన తడిపియే చేయుడు. పలుగురాతి పొడి రొమ్మునకు మిక్కిలి చెఱుపు. రాతిగనుల కూలీల నడిగిన చెప్పుదురు. నదిలో నరిగి నున్ననైన రాతికి ఆ శ్రమయే లేదు. విఱిగిన రాతి యంచు మాత్రము కత్తివంటిది, త్రాటిని కోయును. దానిని సానరాతిపై నీరు పోయుచు మొద్దుచేయవలయును. ఈ మాట నేను అనుభవముతో చెప్పుచున్నాను, తరువాత తెలియగలదు.

త్రాడు విషయమున నాకు పక్షపాతము కలదు. మైనము పూసిన కృత్రిమపు నూలు అంగళ్లలో రంగురంగులుగా దొరకును. గట్టిది, కొసలను దీపమునకు చూపినచో కరగి తమంతట అంటుకొనును. పురిపెట్టిన ప్రత్తిదారమే నాకు ప్రియము. మెడకు చల్లగానుండును, ముడి జాఱదు. మిల్లీమీటరు మందమున్న దారమును తేనెమైనపు ముద్దపై రెండుమూడుసార్లు లాగినచో బిరుసెక్కి చేతికి చక్కగా నొదుగును. పట్టుదారము చూపునకు బాగుండును గాని జాఱుడుగుణము కలది, క్రొత్తవారికి తగదు. కిత్తనార, గోగునార మెడను ఒరయును. వానిని ఉట్టికే విడుతము.

ఒకటిన్నర మీటరు పొడవున నాలుగు దారములు కత్తిరించుడు. నాలుగింటిని కలిపి సరిగా నడుమ నొక్క ముడి వేయుడు. ఇది పతకమునకు అడుగు. ఈ ముడిని పిన్నీసుతో తలగడకు గ్రుచ్చి, పోగులన్నింటిని మీవైపునకు త్రిప్పుకొనినచో ఎనిమిది పోగులగును. ప్రక్కప్రక్కనున్న రెండేసి పోగులను జతచేసి, అడుగుముడికి చిటికెనవ్రేలి గోరు వెడల్పు దూరమున ఒక్కొక్క జతకు ఒక్కొక్క ముడి వేయుడు. నాలుగు ముడులగును. ఇది మొదటి వరుస.

రెండవ వరుసలో జతలు మారవలయును. ఈ జతలోని కుడిపోగును, ప్రక్కజతలోని యెడమపోగును కలిపి అంతే దూరమున ముడివేయుడు. చివరిపోగు చుట్టివచ్చి మొదటిపోగుతో జతకూడును. అక్కడ క్రొత్తవారు తికమకపడుదురు. తలగడ నుండి తీసి, బొటనవ్రేలి కొసపై టోపీవలె తొడిగి ముడివేసినచో తికమక యుండదు. ఇప్పుడు వలకన్నుల వరుస స్పష్టముగా కనబడును. కన్ను రాతి సన్ననిప్రక్క కంటె చిన్నదిగా నుండితీరవలయును. ఇదియే యీ పనిలోని ప్రాణము. ముడి బిగింపకముందు దానిలో దబ్బనము దూర్చి, కావలసిన చోటికి జరిపి, అప్పుడు బిగింపుడు. దబ్బనము లేక ముడివేసిన ముడి తనకిష్టమైన చోటనే నిలుచును గాని మీకిష్టమైన చోట నిలువదు.

రెండు వరుసలైన పిమ్మట రాతిని లోపల నుంచుడు, బరువైన కొస క్రిందికుండునట్లు. మూడవ వరుసను రాతిపైననే, రాతిని పట్టుకొనియే ముడివేయవలయును. జతలు మరల మారును. ఇక్కడ దారము వదులుగా నుండరాదు. తడిపిన ప్రత్తిదారము ముడి మఱింత బిగియునని మా వదినగారు చెప్పిరి. చేసి చూచితిని, నిజమే. రాయి మూడు సెంటీమీటర్లకు మించి పొడవైనచో నాలుగవ వరుసయు కావలయును. అటుపై ఎనిమిది పోగులను రాతి తలవద్ద ప్రోగుచేసి, వానిలో నొక పోగుతో మిగిలిన యేడింటిని మూడుచుట్లు చుట్టి పీటముడి వేయుడు. ఇప్పుడు తలగడపై తలక్రిందుచేసి గట్టిగా విదలింపుడు. రాయి కదలినచో మొగమాటము పడక విప్పి మరల కట్టుడు. నేను మొదటిదానిని ఏడుసార్లు విప్పితిని.

మెడత్రాటికి వేఱు దారము అక్కఱలేదు. మిగిలిన యెనిమిది పోగులను నాలుగేసిగా విడదీసి రెండు జడలల్లుడు. నాలుగుపేటల జడ రానివారు రెండుపోగుల నొక్కటిగా పట్టుకొని మామూలు జడవలె నల్లవచ్చును. జడ వేయుట మనకు నేర్పవలసినది గాదు. చివరకు ఒక్కొక్క ప్రక్కను సుమారు 45 సెంటీమీటర్ల జడ మిగులును. రెండు కొసలను బెత్తెడు మేర ఒకదానిపై నొకటి చేర్చి, దీని కొసను దానిచుట్టును, దాని కొసను దీనిచుట్టును చుట్టి జాఱుముడులు వేసినచో, లాగిన పొట్టియగును, విడిచిన పొడుగగును. పసిపిల్లల మెడలో మాత్రము వేయకుడు. త్రాడు మెడకు బిగియవచ్చును, రాయి నోటికి పోవచ్చును.

బిళ్లవలె చదునైన రాతికి ఉట్టి పద్ధతి నిలువదు, ప్రక్కకు జాఱును. దానికి అంచుచుట్టును సన్నని పట్టీవలె పీటముడులతో నల్లి, పట్టీ రెండంచులలోని పోగులను సంచిమూతి త్రాడు లాగినట్లు లాగి బిగింపవలయును. అప్పుడు ముందువైపు రాయి పూర్తిగా కనబడును. అందమునకు ఇదియే పైచేయి. అయితే నాలుగైదు ఉట్టిపతకములు కట్టి చేయి తిరిగినగాని దాని జోలికి పోరాదు.

ప్రత్తిత్రాడు చెమటకు కుళ్లును గదా యని యొకామె నన్నడిగెను. కుళ్లును. ఏడాదికొకసారి, ఎండకాలమునకు ముందు, మార్చుకొనవలయును. మంగళసూత్రపు పసుపుత్రాడు నలిగినప్పుడు మార్చుకొనుట లేదా? రాయి ఉండును, త్రాడు మారును. తొలిచిన పూసకైనను దారము తెగుట తప్పదు. పైగా బెజ్జపు టంచు లోలోపల కోయుచుండును గనుక తెగువఱకు తెలియదు. ఉట్టిపతకమున ఏ పోగు నలిగినను కంటికి కనబడును, ఒక కన్ను తెగినను తక్కినవి కొంతసేపు ఆపును. ఇది నేను కనిపెట్టిన గుణముగాదు, వల వేయువారెల్ల నెఱిగినదే.

పనిలేని మధ్యాహ్నములకు ఇది కాలక్షేపమని కొందఱందురు. కావచ్చును. కాని పగిడిరాయి చేలలో చేయి దులుపుకొన్న యా తల్లుల రాళ్లలో నొక్కటి, ఆమె బిడ్డ మెడలో పెద్దదైన తరువాత వ్రేలాడిన, ఆ దినపు టెండ వట్టిదిగా పోలేదని నాకు తోచును. అమ్మకమున కని యెవరైన చేయదలచినచో వారించను. రాయి దొరకిన యేటిపేరు, ఊరిపేరు చీటిపై వ్రాసి కట్టుడు, కొనువారు దాని నడుగుదురు. వజ్రమని మాత్రము చెప్పకుడు.

ఇక మా రాతి సంగతి. రెండుముక్కలలో నొకదానిని పైన చెప్పిన తీరున రెండే వరుసలతో కట్టి నా మెడలో వేసికొంటిని. రెండవదానినట్లే కట్టి, వదినగారి కుమారుడు పండుగకు వచ్చినప్పుడు అతనిచేత పంపితిని. ఉత్తరమేమియు వ్రాయలేదు, ఏమని వ్రాయుదును? పదునైదు దినములకు పొట్లము తిరిగివచ్చెను. విప్పగా త్రాడు తెగియున్నది, రాయి విడిగానున్నది. విసరికొట్టిరనుకొని కూలబడితిని. తరువాత కన్నులు తుడుచుకొని చూడగా తెగినచోటు నలిగి తెగినది గాదు, కోసినట్లున్నది. పగిలిన రాతియంచే దానిని కోసినది. నా మెడలోనిదానిని చూచుకొంటిని. అదియును రెండుపోగులు కోసుకొని మూడవదానిపై వ్రేలాడుచున్నది.

మఱునాడు ఉదయమే వదినగారే వచ్చిరి. రెండేండ్లకు గడప త్రొక్కిన మనిషి కాళ్లు కడుగుకొనకయే, "ఏమ్మే, ఉట్టి కట్టేది మీ అమ్మ నేర్పలేదా? రెండు వరసలకు కుండ నిలుస్తాదా?" యని యడిగిరి. నేను నవ్వవలయునో యేడ్వవలయునో తెలియక నిలుచుంటిని. ఆమె పెరటిలోని సానరాతివద్ద చతికిలబడి, చెంబుతో నీరు పోయించుకొనుచు, తన ముక్క యంచును, నా ముక్క యంచును వరుసగా నరగదీసిరి. వ్రేలితో తడవి చూచుకొని మరల నరగదీసిరి. పిమ్మట నా దారపుండ అడిగి తీసికొని, ముడులన్నియు విప్పి, తడిపి, మూడవ వరుస వేయుట నాకు చూపుచు, నా చేత వేయించి, బాగులేదని విప్పించి, మరల వేయించిరి. పొయ్యిమీద అన్నమునకు ఎసరు పెట్టియుంటిని. అది కాగి కాగి ఇంకిపోయి, గిన్నె మాడు వాసన వచ్చువఱకు మాకిద్దఱకును తెలియలేదు.